‘మందు’ శబ్దార్థవిచారము

‘మందు’ అను శబ్దమునకు ఔషధమని యర్థము చెప్పని తెలుఁగు పండితుఁడు లేఁడు. ఆ శబ్దమునే మద్యమను నర్థమున విననివాఁడు తెలుఁగునాట నేఁడు మిక్కిలి యరుదు. మొదటి యర్థము బడిలోఁ జెప్పఁబడును. రెండవది వీథిలో నేర్వఁబడును. ఈ రెండవ యర్థమును గూర్చి పండితులు రెండు తెగలుగా నున్నారు. అది గ్రామ్యము గావున విచారార్హము గాదని కొందఱి మతము. మఱికొందఱు దానికి సంస్కృతమూలమును గల్పించి, మద్యశబ్దభవమని చెప్పి, యొకవిధముగా గౌరవింపఁజూతురు. మొదటి పక్షము సోమరితనము, రెండవది సాహసము. లోకమున నింతగా వ్యాపించిన యర్థమునకుఁ బుట్టుక యేది, వ్యవస్థ యేది, దానివలన వ్యవహారమునఁ గలుగు చిక్కు లెట్టివి యని పరిశీలించుట శబ్దశాస్త్రము నెఱిఁగినవారి పనియే.

త్రాగుడును గూర్చిన మాటలు శాస్త్రమున కంటరానివని తలఁచువారు వ్యాకరణమును సరిగాఁ జదివినవారు కారు. సురా, శీధు శబ్దము లుపపదములుగా నున్నప్పుడే ‘పా’ ధాతువునకు టక్ప్రత్యయము వచ్చునని వార్తికకారుఁడు నియమించినాఁడు. అందుచేత సురను ద్రాగు స్త్రీ ‘సురాపి’ యగును. పాలు త్రాగునది ‘క్షీరప’ యగునే కాని ‘క్షీరపి’ కాదు. అష్టమాధ్యాయమున దేశవాచకమైనప్పుడు పానశబ్దనకారమునకు ణత్వము విధింపఁబడినది. కాశికాకారు లచటఁ బ్రాచ్యులను సురాపాణులుగా నుదాహరించినారు. అమరసింహుఁడు మదిర, హాల, కాదంబరి, ప్రసన్న మొదలగు పర్యాయములను శూద్రవర్గమున సంకోచము లేకయే కూర్చినాఁడు. ఒక ప్రత్యయభేదమును, ఒక ణత్వమును త్రాగుడు మాటల నాశ్రయించి యుండఁగా, తెలుఁగు పండితునకు మాత్రము మందు పేరు చెప్పుటకు సిగ్గేల?

ముందుగా వ్యుత్పత్తి. మద్యశబ్దమునుండి మందుశబ్దము పుట్టినదనుట ప్రాకృతప్రక్రియకు సరిపడదు. ప్రాకృతమున ‘ద్య’ కారము ‘జ్జ’ యగును: విద్య విజ్జ యైనది, అద్య అజ్జ యైనది, వైద్యుఁడు వెజ్జయి తెలుఁగున వెజ్జుగా నిలిచినాఁడు. ఆ మార్గముననే మద్యము మజ్జ కావలయును గాని మందు కానేరదు. మధుశబ్దము మూలమందుమన్నను నంతియే. అచ్చుల నడుమనున్న ధకారము ప్రాకృతమున హకారమగును గావున మధువు మహువగును. ఇఁక మూఁడవ యూహ మఱింత చమత్కారమైనది: బుద్ధిని మందము చేయునది గావున మందని యందురు. ఇది పరిహాసమునకుఁ దగును గాని నిరుక్తికిఁ దగదు. సంస్కృత మంద శబ్దము తెలుఁగున మందుఁడు, మందము అని విశేష్యలింగమును బట్టి రూపముల నందును; ఔషధవాచకమగు మందున కా మార్పులు లేవు. పైఁగా నీ మూఁడు వ్యుత్పత్తులును మద్యార్థమే మొదటిదని యనుకొని చేసినవి. ఔషధార్థము ముందున్నదనుటకుఁ దమిళ, కన్నడ, మలయాళములే సాక్ష్యము. తమిళమున మరుందు, మలయాళమున మరున్ను, ప్రాచీనకన్నడమున మర్దు, నేఁటి కన్నడమున మద్దు. అన్నిటను ఔషధమే ప్రధానార్థము. నడుమనున్న రేఫ మొకచోట నిలిచి, యొకచోట సమీపవర్ణముతోఁ గలిసి ద్విత్వమై, తెలుఁగున లోపించి బిందువు మిగిలినది. కావున మందు శుద్ధదేశ్యము. దానికి సంస్కృతపు జందెమును దగిలింప నక్కఱలేదు.

ఔషధమునుండి యీ శబ్దము నానావిధములఁ బ్రసరించినది. వశీకరణార్థమై యన్నమునఁ గలుపునది మందు. ‘మందు పెట్టినది’ యని యత్తలు కోడండ్ర నాడిపోసికొనుట ప్రసిద్ధము. తుపాకిలో దట్టించునది మందు. గుండుతోఁ గూడి మందుగుండైనది. ఎలుకలను జంపునది మందు, చేనిపురుగులను జంపునది మందు, పైరునకు బలము గూర్చు రసాయనపుటెరువును మందే; ఎరువుల సంచిని ‘మందుబస్తా’ యని కాఁపు లందురు. బ్రదికించునదియుఁ జంపునదియు నొకే పేరఁ బిలువఁబడుట వింతగాఁ దోఁచును గాని, యీ యర్థములన్నిటికిని సామాన్యధర్మ మొకటి కలదు. కొలఁది పరిమాణముననే యెక్కువ వికారమును గలిగించు కల్పితద్రవ్యమనునదే యా ధర్మము. ఆహారము మందు గాదు. నీరు మందు గాదు. చిటికెఁడో చెంచాఁడో చేరినంతనే స్థితిని మార్చునది మందు. మద్యమునకును నీ ధర్మ మమరియున్నది గావున అర్థప్రసరణమునకు ద్వారము తెఱచియే యుండెను. ఐనను ద్వార మున్నంతనే ప్రవేశము సిద్ధింపదు. కన్నడ మద్దుశబ్దమునకును మందుగుండువఱకు నీ ప్రసరణమంతయుఁ గలదు. అయినను మద్యార్థ మచట వాడుకలో నెలకొనలేదు. కావునఁ దెలుఁగునకు వేఱొక హేతువును వెదకవలయును.

ఒక హేతువు పొరుగు నుడి. పారసీకమున ‘దారూ’ యనఁగా నౌషధము. హిందూస్థానీలో ‘దవాదారూ’ యను జంటపదమున నా యర్థ మింకను నిలిచియున్నది. విడిగాఁ బలికినప్పుడో, దారూ మద్యమే. మహారాష్ట్రభాషలో నా శబ్దమే తుపాకిమందునకును జెల్లును. వారి ‘దారూగోళా’ మన ‘మందుగుండు’నకుఁ బదమునకుఁ బదముగా సరిపోవుచున్నది. ఔషధము, తుపాకిమందు, మద్యము అను మూఁడర్థములు నొకే శబ్దమున నిట్లు కుదిరిన పొరుగుభాష యుండఁగా, ఆ భాషతో శతాబ్దములు మెలఁగిన తెలుఁగువారి మందుపై దాని నీడ పడియుండుట సంభావ్యమే. కాని యా నీడ కన్నడ దేశముపైఁ దక్కువగాఁ బడినదని చెప్ప వీలులేదు గదా! కావున దారూశబ్దము తోడుపడినదనవచ్చును, అదియే కారణమనరాదు.

రెండవ హేతువు వైద్యము. ద్రాక్షారిష్టాదులగు నాసవారిష్టములలోఁ బులియుటచేఁ బుట్టిన మద్యాంశము సహజముగా నుండును. శస్త్రచికిత్సకు ముందు, త్రాగుట కలవాటుపడి నొప్పి కోర్వలేని రోగికిఁ దీక్ష్ణమద్య మీయవచ్చునని సుశ్రుతము విధించుచున్నది. విధి ననుసరించి త్రాగిన మద్య మమృతతుల్యమనియు, విధి తప్పినచో విషతుల్యమనియుఁ జరకసంహితలోని మదాత్యయాధ్యాయము చెప్పుచున్నది. వీనిని బట్టి, మద్యమును మందనుట పూర్వవైద్యసమ్మతమే యని త్రాగువారి పక్షమున వాదించు రసికులు కలరు. ఆ వాదము నిలువదు. వైద్యగ్రంథములు మద్యమును ద్రవ్యములలో నొకదానిగాఁ బరిగణించినవే కాని, మద్యమునకు భేషజమని పర్యాయము నీయలేదు. అమరమునఁ గల మద్యపర్యాయములలోను ఔషధవాచక మొక్కటియు లేదు. చరకుఁడు విధి నడిగినాఁడు. మందుఁ గొట్టువాఁడు నేస్తుని నడుగును.

కడపటి హేతువు లజ్జ. ఇది ప్రధానమైనది. తెలుఁగున ‘త్రాగు’ ధాతువు కర్మపదము లేక ప్రయోగింపఁబడినప్పుడు మద్యపానమునే తెలుపును. ‘వాఁడు త్రాగును’ అన్నచో మజ్జిగయా మంచినీళ్లా యని యెవ్వఁడు నడుగఁడు. సంస్కృతమునను నింతియే: పానగోష్ఠి, పానభూమి, పానాత్యయము అనుచోట్ల పానము సురాపానమే. ఇట్లు కర్మ లోపించినను స్ఫుటముగా నర్థమిచ్చు ధాతువుండఁగా వేఱొక మాటతోఁ బనియేమి? పని యున్నది. ‘త్రాగు’ నిందను మోసికొని వచ్చును. త్రాగుబోతు శబ్దమునఁ జేరిన పోతు, తిండిపోతునందును నిద్దురపోతునందును గల పోతే. మనుష్యుని మగపశువుగాఁ జేయునది. ఆ నింద తప్పించుకొనుటకు త్రాగువాఁడే కర్మపదమును మాటునకుఁ దెచ్చికొన్నాఁడు. అశ్లీలదోషమును వ్రీడ, జుగుప్స, అమంగళము అని యాలంకారికులు మూఁడు తెఱఁగులుగా విభజించిరి. దీపము కొండెక్కినదనుట, బియ్యము నిండుకొన్నవనుట, స్ఫోటకమును అమ్మవారనుట అమంగళభీతిచేఁ బుట్టిన నుడికారములు. మందు అట్లు గాదు. అది వ్రీడాజనితము. ఇల్లాలి యెదుట, పిల్లల యెదుట, పెద్దల యెదుటఁ బలుకుటకై చేసికొన్న ముసుఁగు.

ఈ ముసుఁగు నేఁ డెంతవఱకు నిలిచియున్నదో చూడవలయును. ముఖ్యార్థబాధ, తద్యోగము, రూఢిప్రయోజనములలో నొకటి యను మూఁడు హేతువులు లక్షణకు మమ్మటుఁడు చెప్పినాఁడు. మొదట నీ ప్రయోగము ప్రయోజనలక్షణయే. గంగయందు ఘోషమన్నచో శైత్యపావనత్వములు ప్రయోజనమైనట్లు, ఇచట గోపనమే ప్రయోజనము. కాని గోపన మెల్లరకుఁ దెలిసినచో గోపనము గాదు గదా. ‘వారు రాత్రి మందు కొట్టిరి’ అన్న వాక్యమున ఔషధార్థము ముందు తోఁచి, బాధింపఁబడి, పిమ్మట మద్యము తోఁచుననుట యనుభవవిరుద్ధము. విన్నంతనే మద్యమే తోఁచును. కుశలశబ్దమును రూఢిలక్షణ కుదాహరించిన మమ్మటుని విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున నాక్షేపించి, వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱని నిరూపించినాఁడు. ఆ యాక్షేప మిచట మఱింత యొప్పును. మందు నేఁడు మద్యార్థమున లాక్షణికము గాదు, వాచకమే. అనఁగా నానార్థశబ్దములలోఁ జేరినది. సిగ్గు పోయినది, మాట మిగిలినది. వార్తాపత్రికలు వాడు ‘మందుబాబు’ శబ్దమే యిందులకుఁ దార్కాణము. పోతు పోయి బాబు వచ్చినాఁడు. పైకిది పరిహాసముగాఁ గన్పట్టును గాని, యిందు లాలనము పాలెక్కువ; భార్యను గొట్టినవానిని సయితము శీర్షికలో బాబుగాఁ బిలుచుట పత్రికారచయితల యలసత్వము.

నానార్థమైనచో నర్థనిర్ణయ మెట్లు? సంయోగము, విప్రయోగము, సాహచర్యము, ప్రకరణము, శబ్దాంతరసన్నిధి, దేశము, కాలము మొదలగువానిని భర్తృహరి నిర్ణాయకములుగాఁ జెప్పినాఁడు. భోజనవేళ సైంధవమన్న నుప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము. మందు విషయమునఁ దెలుఁగు వ్యవహారము వీనికిఁ దోడు వ్యాకరణసంకేతములనుగూడఁ దనంతఁ దానే కల్పించుకొన్నది. ఇవి పండితులు చేసిన నియమములు గావు. చదువురానివారు సయితము తప్పక పాటించుచున్నవి.

మొదటిది వచనము. ‘మందులు’ అని బహువచనమైనచో ఔషధములే. ‘మందులు వాడుచున్నాఁడు’ అన్నవాక్యమున మద్యశంక పుట్టదు. మద్యార్థమున నీ శబ్దము నిత్యైకవచనాంతము. పలు సీసాలు త్రాగినవాఁడును మందే త్రాగినాఁడు, మందులు త్రాగలేదు. సమాసమున నీ భేద మింకను స్పష్టము: ‘మందుల కొట్టు’ ఔషధవిక్రయశాల, ‘మందు కొట్టు’ మద్యవిక్రయశాల. ఒక్క లకారమాత్రమున రోగి, త్రాగరి వేర్వేఱు గుమ్మముల కేఁగుదురు.

రెండవది విభక్తి. ‘చేనికి మందు కొట్టినాఁడు’ అన్నచోఁ బురుగుమందును జల్లినాఁడని యర్థము. కు వర్ణకాంతము లేక ‘మందు కొట్టినాఁడు’ అన్నచో మద్యము. ప్రకరణబలమున ‘చేనికి’ లోపించినను కాఁపుల సంభాషణమున మొదటి యర్థమే నిలుచును. పగటివేళ పొలముగట్టున నొక యర్థము, సందె చీఁకటి పడినపిమ్మట మఱొక యర్థము. భర్తృహరి దేశకాలములను బేర్కొనుట యెంత యుక్తము! క్రియాసన్నిధియు నిట్టిదే. పూయుట, నూఱుట, మ్రింగుట ఔషధమునకు; చల్లుట పైరునకు; దట్టించుట తుపాకికి; పెట్టుట వశీకరణమునకును ఎలుకకును జెల్లును. ‘త్రాగు’, ‘వేయు’, ‘పుచ్చుకొను’ అనునవి మాత్రము సందిగ్ధములు. పుచ్చుకొనుట మర్యాద తెలిసినవారి క్రియ, ‘తమరు పుచ్చుకొందురా?’ యని కర్మను విడిచి యడుగుట మందుకంటెను దట్టమైన ముసుఁగు.

కొట్టు ధాతువును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ద్రవమును గొట్టుట యేమి? పొగత్రాగువారి ‘దమ్ము కొట్టుట’ యిందుకుఁ దోడుగాఁ గలదు. తమిళులు మద్యమును ‘తణ్ణి’ యని పేర్కొని ‘అడి’ ధాతువును జేర్తురు. తణ్ణి యనఁగా నీరు, అడి యనఁగాఁ గొట్టుట. మలయాళుల ‘వెళ్ళమడి’యు నీరు కొట్టుటయే. కన్నడులు ‘ఎణ్ణె’ను, అనఁగా నూనెను, గొట్టుదురు. నాలుగు భాషలును గొట్టుటయం దేకీభవించి, కొట్టఁబడునదానియందు భేదించినవి: ఇరువురు నీటిని, ఒకరు నూనెను, తెలుఁగువారు మందును ముసుఁగుగా నెన్నుకొన్నారు. క్రియ యొక్కటియే యగుటచే నిది యొకరినుండి యొకరు గ్రహించిన నుడికారము కావలయును. ఎవరు ముందో నిర్ణయింపఁ బూనుట వృథాప్రయాస. మూఁడు ముసుఁగులలోను దెలుఁగువారిదే గడుసుది. నీరని, నూనెయని చెప్పువాఁడు వస్తువును దాఁచుచున్నాఁడు. మందని చెప్పువాఁడు వస్తువునకు గుణమునుగూడఁ గట్టబెట్టుచున్నాఁడు.

ఇందువలననే యీ శబ్ద మెవరి నోటఁ బుట్టినదను ప్రశ్న ముఖ్యమగుచున్నది. ఒకే వస్తువునకు మూఁడు పేరులు మూఁడు నోళ్లనుండి వచ్చుచున్నవి. శాసనము మద్యమనును: మద్యనిషేధము, మద్యపానము. భారతరాజ్యాంగపు 47వ యధికరణము మత్తుపానీయముల నిషేధమును రాజ్యము యత్నింపవలసిన కార్యముగాఁ జెప్పుచు, ఔషధప్రయోజనమును మాత్రము మినహాయించినది. మందు శబ్దము కలిపివేసిన రెండింటిని శాసన మట్లు విడఁదీసినది. నష్టపడినవారి మాట వేఱు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కార్యక్రమమునఁ జదువు నేర్చుచున్న స్త్రీలు లేవఁదీసిన యుద్యమము ‘సారా వ్యతిరేకోద్యమము’ అను పేరనే ప్రసిద్ధికెక్కినది. ఆ యుద్యమ ఫలముగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపఁబడెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపఁబడెను. ఆ యుద్యమమునకు ‘మందు వ్యతిరేకోద్యమము’ అను పేరు రాలేదు, రాఁజాలదు. సారా యనఁగా మగఁడు కూలిడబ్బు పోసి కొనునది, వాసన గొట్టునది, ఇల్లు గుల్లచేయునది. దానిని మందనుట త్రాగువాని సౌకర్యము. దానిచే దెబ్బతిన్నవారి కా సౌకర్యముతోఁ బనిలేదు.

కల్లున కీ పేరు పట్టలేదనుటయు గమనింపఁదగినది. తాటికల్లు, ఈఁతకల్లు త్రాగువాఁడు కల్లు త్రాగితి ననును గాని మందు కొట్టితి ననఁడు. అందులకుఁ గారణము సుగమమే: కల్లు పట్టపగలు చెట్టుక్రిందఁ గూర్చుండి త్రాగునది, పండుగకును బంధువునకును బోయునది, ముసుఁగక్కఱలేనిది. తెలంగాణమున వినవచ్చు ‘మందు కల్లు’ అను సమాస మీ సిద్ధాంతమును దృఢపఱచుచున్నది. మందు సర్వమద్యవాచకమే యైనచో నా సమాసమునఁ బునరుక్తి దోషము వచ్చును. కాని యచట మందనఁగా మద్యము గాదు. కల్లు పేర నీళ్లలోఁ గలుపు క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం, డయజిపాం వంటి మత్తుద్రవ్యములు. ఇవి నిజముగా వైద్యుల యౌషధములే. కావున నీ సమాసమున మందు తన మొదటి యర్థమునకే మరలివచ్చి, విషమై పనిచేయుచున్నది.

ఈ విచారమంతయుఁ బండితవినోదమాత్రము గాదనుట కొక్క వాక్యము చాలును: ‘మందు త్రాగినాఁడు.’ పల్లెనుండి తెలివితప్పినవానిని వైద్యశాలకుఁ దెచ్చిన బంధువులు మొదటఁ బలుకు వాక్య మిది. ఔషధ మధికముగా సేవించినాఁడా, మద్యమా, పురుగుమందా? మూఁడింటికిని చికిత్స వేఱు. సేంద్రియ భాస్వర సంబంధములగు పురుగుమందులు పలువుర ప్రాణములు గొన్నవి. వానికి విఱుగుడుగా నాట్రొపిన్ నాలస్యము లేక యీవలసియుండును. మద్యమునఁ బురుగుమందును గలిపికొని త్రాగినవారును గలరు. అట్టివానిని గూర్చి ‘మందులో మందు కలిపి త్రాగినాఁడు’ అనుట తెలుఁగున శుద్ధవాక్యమే. వచనము, విభక్తి, క్రియ యను సంకేతము లన్నియు నిచట నొక్కసారిగాఁ దప్పినవి. ప్రకరణము నడిగి తెలిసికొనవలసినదే. తెలుపఁగలవాఁడు తెలివిలో లేఁడు. పాఠశాలలలో ‘పురుగుమందు’, ‘ఎలుకలమందు’ అని విశేషణమును విడువక పలుకుటను బిల్లలకు నేర్పుట యుత్తమమాటల పాఠముకంటెఁ దక్కువ పని గాదు. వార్తారచయితలును ‘మందు తాగి మృతి’ యని యూరకొనక యే మందో వ్రాయవలయును.

నిఘంటుకర్తల పనియు నీ తెఱఁగుననే నిర్ణయమగుచున్నది. మద్యార్థమును గ్రామ్యమని విడిచిపెట్టక, ఔషధము, వశీకరణద్రవ్యము, తుపాకిమందు, క్రిమినాశకము, రసాయనపుటెరువు అను నర్థముల పిమ్మట వేఱు సంఖ్యతో దానిని జేర్పవలయును. ‘ఈ యర్థమున నేకవచనమే; కల్లునకుఁ జెల్లదు’ అని సూచన వ్రాయవలయును. ‘మందు కొట్టు’ అను పదబంధము మూఁడుచోట్లఁ జూపవలసి యుండును: పైరునకు మందు చల్లుట, మద్యము త్రాగుట, మద్యము నమ్ము నంగడి. ఇందు మూఁడవదానియందలి ‘కొట్టు’ నామవాచకము. మొదటి రెండును గ్రియలు. ‘మందుబాబు’ శబ్దమును బత్రికాప్రయోగమని గుర్తించి, త్రాగుబోతు క్రిందనే చూడుమని వ్రాసినఁ జాలును.